మా మీది నవ్వు, మా నోటి నవ్వు

తెలుగువాడికి సాయిబు అంటే ఎప్పుడూ కాస్త నవ్వే. సినిమాలో సాయిబు కనబడ్డాడంటే గళ్ల లుంగీ, మెడలో తావీజు, నోట్లో పాన్ ఉండాల్సిందే. మాటకు ముందు 'అరె', మాట చివర 'భాయ్' రావాల్సిందే. అన్నిటికన్నా ముఖ్యం అతని తెలుగు. ఆడమనిషిని 'వచ్చాడు' అనాలి, మగమనిషిని 'వచ్చింది' అనాలి. అప్పుడే హాల్లో ఈలలు పడతాయి. పండగ పందిళ్లలో మిమిక్రీ చేసేవాళ్లకు కూడా అదొక తప్పని అంశం. రైలు చప్పుడు, కుక్క అరుపు, సాయిబు తెలుగు.

నేను శ్రీకాకుళంలో పుట్టి పెరిగాను. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. ఏ భాష ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలీదు. బళ్లో ఏ నాటకం వేసినా, అందులో సాయిబు పాత్ర ఉంటే అది నాకే. ఎంపిక లేదు, పోటీ లేదు. చిక్కల్లా నా తెలుగుతోనే వచ్చేది. నేను అచ్చం మా వీధిలో మాట్లాడినట్టు 'ఏటి బావూ, ఎప్పుడొచ్చినారు?' అనేవాణ్ణి. 'అలా కాదురా, సాయిబులా మాట్లాడు' అనేవారు మాస్టారు. నాకు రాదు. చివరికి మా తరగతిలోనే ఒక కోమట్ల కుర్రాడు నా పక్కన నిలబడి సాయిబు ఎలా మాట్లాడతాడో నాకు నేర్పాడు. వాడు సినిమాలు బాగా చూసేవాడు. నాటకం రోజున నేను వాడు నేర్పినట్టే మాట్లాడాను. అందరూ నవ్వారు. సాయిబుని సాయిబులా మాట్లాడించడానికి ఒక శిక్షణ అవసరమైందన్న సంగతి ఎవరికీ నవ్వు తెప్పించలేదు.

తర్వాత ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లాను. పత్రికాఫీసులో నా 'ఏటి', నా 'గుంటడు' విని నవ్వారు. ఉత్తరాంధ్ర యాస అంటే వాళ్లకు సినిమాల్లో పనివాడి యాస. పాతబస్తీకి వెళితే అక్కడ నా ఉర్దూ విని నవ్వారు. 'కహాఁ కే హో మియాఁ?' అనేవారు. సిక్కోలు అంటే అదెక్కడని అడిగేవారు. కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు మా ఊళ్లో ఉందనీ, నిజాం కాలంలో చికాకోల్ సర్కారుకు మా ఊరే ముఖ్యపట్టణమనీ చెప్పేవాణ్ణి. ఏం లాభం? 'అచ్ఛా, ఆంధ్రా ఉర్దూ' అని మళ్లీ నవ్వేవారు. తెలుగువాళ్లకు నా పేరు, మిగతా తెలుగువాళ్లకు నా యాస, ఉర్దూవాళ్లకు నా లహజా. ముగ్గురికీ మూడు రకాలుగా పనికొచ్చాను.

ఇదంతా ఏడుపుగా చెప్పడం లేదు. మా ఇంట్లో కూడా నవ్వు తక్కువేం కాదు. మా దాదీ అల్లాతో వీధి మనిషితో పోట్లాడినట్టు పోట్లాడేది. వాన రాకపోతే ఆకాశం కేసి చూసి, 'నీకు నల్లా బిల్లు కట్టలేదనా?' అని అడిగేది. నమాజుకి పోకుండా వరండాలో కూర్చున్న మా తాతని, 'ఆయనకీ దేవుడికీ మాటల్లేవు, పిల్లల్ని మధ్యవర్తులుగా పంపుతున్నాడు' అనేది. ఆమెకు అక్షరం రాదు, విశ్వాసం మాత్రం కొండంత. ఎవరి దేవుడితో వాళ్లకున్న చనువు అది. ముసల్మాను ఇంట్లో ఇంత నవ్వు ఉంటుందని మా పక్కింటివాళ్లకు తెలుసు. ఊరికి తెలీదు. మా మీద నవ్వే నవ్వు మైకులో వినబడింది, మా నోటి నవ్వు వంటింట్లోనే ఉండిపోయింది. నా ప్రశ్న దాని గురించే.

ఇప్పుడు స్టాండప్ కామెడీ అని ఒకటి వచ్చింది. చేతిలో మైకు, వెనక గోడ, ఎదుట జనం. ఒక్కడే నిలబడి మాటలతో నవ్వించాలి. ఇది అమెరికా నుంచి ఊడిపడిందని అంటారు గానీ, ఒక్కడే నిలబడి ఊరిని నవ్వించడం మా జిల్లాలకు కొత్త కాదు. బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు, కాలికి గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి ఒంటరిగా రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టలేదా? హరికథలో పిట్టకథ ఎక్కడ వేయాలో, జనం నిద్రలోకి జారుతుంటే ఎక్కడ చురక పెట్టాలో ఆ విద్యకు తెలుసు. విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆ పండితుడు పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యాంని తెనిగించాడన్న మాట మా అబ్బా ఎప్పుడూ గర్వంగా చెప్పేవాడు, తన సొంత మేనమామ గురించి చెబుతున్నట్టు.

మరి ముసల్మాను నవ్వించలేదా? నవ్వించాడు. అందరికన్నా గట్టిగా నవ్వించాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్, దూదేకుల బిడ్డ, బుర్రకథకు పేరుగా మారిపోయాడు. కథకుడి చేతిలో తంబురా, అందెలు. అటొకరు ఇటొకరు గుమ్మెటలతో వంతలు. ఒక వంత హాస్యం చెబితే, ఇంకో వంత రాజకీయం చెబుతాడు. అంటే ఈనాటి స్టాండప్ కుర్రాడు ఒక్క నోటితో చేస్తున్న రెండు పనులకూ ఆనాడు ఇద్దరు మనుషులుండేవారు. ప్రజానాట్యమండలి వేదికల మీద నాజర్ దళం పాలకుల్ని ఎగతాళి చేస్తుంటే జనం విరగబడి నవ్వారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. ఎదుటివాడు తిట్టుగా విసిరిన మాటని ఏరుకుని పుస్తకానికి పేరు పెట్టాడు. ఎదుటివాడి ఎగతాళిని వాడి చేతిలోంచే లాక్కోవడం అంటే ఇదే.

ఆయన చెప్పిన కథల్లో మాది కూడా ఉంది. బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. ఆ కథలో బుస్సీ పక్కన దివాను హైదర్ జంగు ఉంటాడు. బొబ్బిలి వాళ్లకు కానివాడు, పేరు చూస్తే మావాడు. ఆ కథని ఒక షేకు చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు కూర్చుని విన్నాయి, రంగారావు కోసం, పాపారాయుడి కోసం ఏడ్చాయి. 'ఇంతకీ నువ్వు ఏ పక్షం సాయిబూ?' అని నాజర్‌ని అడిగినట్టు నేనెక్కడా వినలేదు.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాటవేస్తే లాభం లేదు. నాజర్‌కి కథ ఒక గొడుగు. ఆయన పల్నాడు కథ చెప్పాడు, బొబ్బిలి కథ చెప్పాడు, అల్లూరి కథ చెప్పాడు. హాస్యం ఆ గొడుగు కింద నడిచింది. హైదరాబాదులో 1962లో మొదలైన జిందా దిలానే హైదరాబాద్ వాళ్లు, 1968 నుంచి వచ్చిన 'షుగూఫా' పత్రికా దక్కనీ నవ్వును పెంచి పోషించాయి. కానీ అది ఉర్దూ తెలిసినవాళ్ల మధ్య నవ్వు. ఆ గుంపులోని ముజ్తబా హుస్సేన్ దేశమంతా తెలిసిన హాస్య రచయిత. 2007లో పద్మశ్రీ అందుకున్నాడు. 2019 డిసెంబరులో, దేశం పోతున్న పోకడ చూసి, దాన్ని తిరిగి ఇచ్చేస్తున్నానన్నాడు. నవ్వించడమే పనిగా బతికిన ఎనభై మూడేళ్ల మనిషి ఆ మాట అన్నాడంటే నవ్వులాటకు కాదు. మరుసటి ఏడు మే నెలలో కన్నుమూశాడు. ఇక 2005లో వచ్చిన 'ది అంగ్రేజ్' సినిమాలో ఇస్మాయిల్ భాయ్‌ని చూసి హిందువులూ ముసల్మానులూ కలిసి నవ్వారు. ఆ వేషం వేసింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. బాగా వేశాడు, కాదనను. వేషం వరకూ అందరూ ఒప్పుకుంటారు.

స్టాండప్‌లో వేషం లేదు. కథ లేదు, గొడుగు లేదు. నా పేరు ఇది, నా ఇల్లు ఇది, నాకు జరిగింది ఇది అని సొంత పేరుతో నిలబడాలి. ముసల్మాను అలా నిలబడితే ఏమవుతుంది? 2021 జనవరి 1న ఇండోరులో ఏమైందో దేశం చూసింది. మునావర్ ఫారూఖీ అనే కుర్రాణ్ణి ప్రదర్శన మధ్యలో ఆపి, దేవతల్ని అవమానించాడని పట్టుకుపోయారు. ఆ రోజు అక్కడ అతనలాంటి జోకు వేసినట్టు ఆధారం లేదని పోలీసు అధికారే పత్రికలకు చెప్పాడు. హైకోర్టు బెయిలు ఇవ్వలేదు. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేసరికి నెల దాటింది. వేసిన జోకుకి శిక్ష పడటం విన్నాం. వేయని జోకుకి జైలు అప్పుడే చూశాం. అదే ఏడు నవంబరులో బెంగళూరు పోలీసులు అతని ప్రదర్శన వద్దన్నారు. 2022 ఆగస్టు 20న హైదరాబాదు శిల్పకళా వేదికలో మాత్రం జరిగింది. అడ్డుకుంటామన్నవాళ్లను ముందే అదుపులోకి తీసుకున్నారు, హాలు చుట్టూ పోలీసులు నిలబడ్డారు. నవ్వడానికి వచ్చినవాళ్లను తనిఖీ చేసి లోపలికి పంపారు. జరిగినందుకు సంతోషించాను. జోకు వినడానికి ఇంత బందోబస్తు కావలసి వచ్చినందుకు ఏమనాలో తెలీలేదు.

ఇది ఎక్కడో ఇండోరు గొడవ అని మనం అనుకోవచ్చు. మా ఆపా కొడుకు ఇంజనీరింగు చదివి, విశాఖలో ఉద్యోగం చేస్తూ, శనివారాలు ఒక కాఫీ హోటలు మేడ మీద ఐదు నిమిషాల పాటు నవ్విస్తున్నాడని తెలిసినప్పుడు అది మా ఇంటి గొడవైంది. ఆపా బడిలో పాఠాలు చెబుతుంది. కొడుకు జోకులు రాసుకున్న నోటుబుక్కు దొరికితే ఎర్ర పెన్ను తీసుకుని కూర్చుంది. పదిహేనింటిలో తొమ్మిది కొట్టేసింది. వాడు ఆ పేజీ పట్టుకుని, 'అమ్మీ, నువ్వు కొట్టేసినవి జోకులు బాగోలేకనా, నా పేరు బాగోలేకనా?' అని అడిగాడు. ఆపా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'జోకు మళ్లీ రాసుకోవచ్చు బేటా. నిన్ను మళ్లీ కనలేను' అంది.

నేను వెళ్లి విన్నాను. నలభై మంది ఉంటారు. వాడు సిక్కోలు యాసలోనే మొదలుపెట్టాడు. అద్దె ఇంటి కోసం ఫోను చేస్తే యజమాని, 'ఏ వూరు బావూ? సిక్కోలా? అయితే మనోడివే' అన్నాడట. అద్దె కూడా తగ్గించాడట. చివర్లో పేరు అడిగాడట. పేరు విన్నాక, 'ఇల్లు నిన్ననే ఇచ్చేసినాం' అన్నాడట. 'మామూలుగా ఊళ్లో నాలాంటోడు అడిగిన ఇళ్లన్నీ నిన్ననే నిండిపోతాయండీ. పోనీ నిన్న వచ్చి అడుగుదామంటే నాకు దారి తెలట్లేదు' అన్నాడు వాడు. ఒక్క క్షణం ఎవరూ నవ్వలేదు. తర్వాత అందరూ నవ్వారు. ఆ ఒక్క క్షణంలో జనం ఏం ఆలోచించారో నాకు తెలుసు: నవ్వొచ్చా? వాడు ఆ అనుమతి ఇచ్చాడు. పుట్టి ఇన్నేళ్లకు, సాయిబు గురించిన జోకు విని నేను తల దించుకోకుండా నవ్వాను. ఎందుకంటే అందులో నవ్వులపాలైంది ఇల్లు దొరకనివాడు కాదు, ఇల్లు ఇవ్వనివాడు.

సముద్రం అవతల సంగతి కూడా చెప్పాలి. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మంది కూలీలుగా ఆ రేవుకు వెళ్లారు. వాళ్లలో మా విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లున్నారు. కూలీల్లో ముసల్మానులూ ఉన్నారు. వాళ్ల మనవల మనవలు ఇప్పుడు అక్కడ ఇంగ్లీషులో తమ ఇళ్ల గురించి, తమ యాస గురించి తామే జోకులు వేసి బతుకుతున్నారు. కేప్‌టౌన్‌కి చెందిన రియాద్ మూసా అనే ముసల్మాను డాక్టరీ చదివి స్టాండప్‌లోకి వచ్చాడు. 2012లో 'మెటీరియల్' అనే సినిమాలో బట్టల కొట్టు యజమాని కొడుకుగా నటించాడు. ఆ కుర్రాడికి నవ్వించాలని ఉంటుంది, తండ్రికి అది తలవంపులు. అక్కడ కుర్రాడికి అడ్డం వచ్చింది పోలీసు కాదు, తండ్రి.

కనుక మనవాళ్లకు కూడా ఒక మాట. మసీదు మెట్ల మీద నిలబడి 'తమాషాలు చేసేవాడు' అని కుర్రాళ్లను తేలిక చేసే పెద్దలున్నారు. ఆడపిల్ల మైకు పట్టుకుంటానంటే ఇంటి పరువు గుర్తొచ్చేవాళ్లున్నారు. మా దాదీ నేడు వేదిక ఎక్కి అల్లాతో నల్లా బిల్లు సంగతి మాట్లాడితే బయటివాళ్లకంటే ముందు మనవాళ్లే లేచేవారేమో. ఇండోరులో కుర్రాడి నోరు మూయించారని బాధపడే మనం, మన ఇంట్లో నోళ్లు తెరిచే ఉంచామా?

సెక్యులర్ మిత్రులకు ఇంకో మాట. మీరు మా తరఫున మంచి మాటలు మాట్లాడతారు, కృతజ్ఞతలు. కానీ మీకు కావలసిన ముసల్మాను ఎప్పుడూ గొప్పవాడై ఉండాలి. నాజర్ అంతటి కళాకారుడు, కలాం అంతటి మేధావి, ముజ్తబా అంతటి రచయిత. మా భాంజా అంతటివాడు కాదు. వాడి ఐదు నిమిషాల్లో రెండు జోకులు బాగున్నాయి, మూడు బాగాలేవు. ఒకటైతే మరీ చచ్చుగా ఉంది, ఎవరూ నవ్వలేదు. వాడి తర్వాత ఎక్కిన కుర్రాడి జోకులూ అంతే. వాడు మైకు ఇచ్చేసి, ముఖం తుడుచుకుని, కాఫీ తాగి ఇంటికి పోయాడు. జోకు పేలకపోతే ఎవరికైనా జరగాల్సింది అంతే.

మేం అడుగుతున్నది గొప్ప జోకు వేసే హక్కు కాదు. గొప్పవాళ్లు ఎలాగో బతుకుతారు. చచ్చు జోకు వేసి, జనం నవ్వకపోతే చిన్నబోయి, బతికి ఇంటికి వచ్చి, మళ్లీ శనివారం ఇంకోటి వేసే హక్కు. అందరి పిల్లలకూ ఉన్నదే. మా ఆపా ఎర్ర పెన్ను మూత పెట్టడానికి అది చాలు.