కూర్చుని తిన్న టిఫిను

మరొకరు వడ్డిస్తుంటే, వేడివేడి టిఫిను కూర్చుని తిని ఎన్నాళ్లయిందో మీకు గుర్తుందా? పెళ్లిళ్లూ, హోటళ్లూ లెక్కలోకి రావు. పుట్టింటికి వెళ్లినా, అమ్మకు పెద్దతనం వచ్చాక పొయ్యి దగ్గర నిలబడేది మనమే కదా! నాకైతే పాతికేళ్లుగా ఆ ముచ్చట తీరలేదు. అది తీరడానికి సముద్రం దాటి వెళ్లాల్సొచ్చిందంటే నమ్మండి.

మా పెళ్లయి పాతికేళ్లు నిండాయని, కొత్తగా ఉద్యోగంలో చేరిన మా అబ్బాయి ఈ ఫిబ్రవరిలో మమ్మల్ని అండమాన్ పంపించాడు. మావారికి ప్రయాణాలంటే బద్ధకం. నాకు ఇల్లు వదలాలంటే బెంగ. అమ్మాయి అత్తారింటికి వెళ్లిపోయింది, అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు. ఇంట్లో మిగిలిన మేమిద్దరం "కూరేం తేను?" "ఏదో ఒకటి తెండి" అన్న రెండు మాటలతోనే రోజులు గడిపేస్తున్నాం. "హోటలొద్దమ్మా, ఒకళ్లింట్లో గది తీసుకున్నాను. పొద్దున్న టిఫిను వాళ్లే పెడతారు" అన్నాడు వాడు. ఎవరో తెలియని వాళ్లింట్లో నాలుగు రోజులా అని నేను గొణుక్కున్నాను.

కాకినాడ నుంచి రైల్లో చెన్నై, అక్కణ్ణించి విమానంలో రెండు గంటల పైన ప్రయాణం చేస్తే పోర్ట్ బ్లెయిర్. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అక్కడ బజారులో తెలుగు మాట వినబడి ఆగిపోయాను. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. మర్నాడు ఓడెక్కాం. ఇంచుమించు రెండు గంటలు. నాకు కడుపులో తిప్పేసి, నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి ఎదురుగా నీలం, ఆకుపచ్చ కలగలిసిన నీళ్లు, అంచున కొబ్బరిచెట్లు. అదే నీల్ దీవి. 1943లో నేతాజీ సుభాష్ చంద్రబోసు అండమాన్, నికోబార్ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. అది గుర్తుగా 2018లో ఈ దీవికి షహీద్ ద్వీపం అని పేరు మార్చారు.

ఊళ్ల పేర్లు వింటే మీకు ముచ్చటేస్తుంది. సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. రామాయణమంతా ఒక్కచోటే! 2011 జనాభా లెక్కల్లో మూడు వేల చిల్లర మంది. తూర్పు బెంగాల్ నుంచి వలసవచ్చిన కుటుంబాలు అడవి కొట్టి పొలాలు చేసుకున్నాయి. చుట్టుపక్కల దీవులకు కూరగాయలు ఇక్కణ్ణించే వెళ్తాయి.

మేం దిగింది రేకుల కప్పు, సిమెంటు అరుగు ఉన్న చిన్న ఇంట్లో. పెరట్లో పోకచెట్లు, అరటి, వంగతోట. అతిథులకు మూడే గదులు. టీవీ లేదు. ఫోను సిగ్నలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. రాత్రి కప్పల అరుపులూ, దూరంగా సముద్రం హోరూ తప్ప చప్పుడు లేదు.

అక్కడ మనకంటే ముప్పావుగంట ముందే తెల్లవారుతుంది. అలవాటు కొద్దీ అయిదింటికే లేచాను. వంటింట్లో గిన్నెల చప్పుడు వినబడింది. కాళ్లు ఊరుకుంటాయా? వెళ్లి, "ఏమైనా తరిగిపెట్టనా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను. నా వయసే ఉన్న ఆ ఇంటావిడ నవ్వి, చేతిలో కత్తిపీట తీసేసుకుంది. "దీదీ, మీరు కూర్చోవాలి. అందుకే కదా డబ్బులిచ్చారు!" అంది.

అరుగు మీద కూర్చోబెట్టి పొంగిన లూచీలు వడ్డించింది. అంటే మైదాపిండి పూరీలన్నమాట. పక్కన బంగాళాదుంప కూర. అయిదు రకాల గింజలతో పోపు. "ఇంకొకటి వేసుకోండి" అంటూ నా పక్కన నిలబడింది. పాతికేళ్లుగా నేను నిలబడే చోటది. నాకు ముద్ద దిగలేదు. మావారు "కారమా?" అనడిగారు. "కాదండీ, వేడి" అన్నాను. ఆయన కాసేపు నా వంకే చూసి, మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపారు.

తర్వాత రోజులన్నీ నిదానంగా గడిచాయి. సీతాపూర్లో సూర్యోదయం, లక్ష్మణ్‌పూర్లో సూర్యాస్తమయం చూశాం. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే వెళ్లగలిగే రాతి వంతెన ఒకటుంది. సముద్రమే తొలిచింది దాన్ని. రాళ్ల మధ్య గుంటల్లో రంగురంగుల చేపపిల్లలు. మావారు నా చెయ్యి పట్టుకుని నడిపించారు, జారుతుందని. దారంతా ఆయన చిన్నప్పటి కబుర్లు చెప్పారు. అందులో సగం నాకు తెలియనివే!

మూడోరోజు మధ్యాహ్నం ఆ ఇంటావిడ నా పక్కన కూర్చుని ఒక నోటుపుస్తకం చూపించింది. గుడ్లు, గ్యాసు, దుప్పట్లు ఉతికిన సబ్బు, అన్నీ రాసుకుంది. "దీదీ, అప్పుడూ ఇదే వంట, ఇవే దుప్పట్లు. మా ఇంట్లో ఎవరూ లెక్క కట్టలేదు, నేనూ కట్టలేదు. అతిథులొచ్చాకే తెలిసింది, నా పనికీ ఒక రేటుందని" అంది. ఆ డబ్బుతోనే కూతుర్ని నర్సింగు చదివిస్తోందట. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నా పాతికేళ్లకు లెక్క రాస్తే ఎన్ని పుస్తకాలు కావాలో!

"మీకు టిఫిను ఎవరు పెడతారు?" అని అడిగితే ఆవిడ నవ్వేసింది. జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే ఆఖరి రోజు పొద్దున్న నేనే వంటింట్లో దూరాను. అల్లం, పచ్చిమిర్చి వేసి బొంబాయి రవ్వ ఉప్మా చేశాను. "ఈ ఒక్కపూట మీరు కూర్చోవాలి" అన్నాను. పాపం, కూర్చోలేకపోయింది! రెండుసార్లు లేచింది, మూడోసారి మావారే, "కూర్చోండమ్మా" అన్నారు. తింటూ తింటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కారమా?" అన్నాను. "కాదు, వేడి" అంది! మావారు నావైపు చూసి తల దించుకున్నారు.

మీరూ వెళ్దామనుకుంటే నాలుగు మాటలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం, తర్వాత వానలు. డబ్బు నోట్లుగా దగ్గరుంచుకోండి, సిగ్నలు లేకపోతే ఫోనుతో చెల్లించలేరు. ఇలా ఇళ్లలో దిగేవాళ్లు రాత్రి భోజనం కూడా పెడతారా, బాత్రూము గదిలోనే ఉందా అని ముందే అడగండి. ఆటుపోట్ల వేళలు ఇంటివాళ్లనే అడిగి బయల్దేరండి. ఒడ్డున పగడపు ముక్కలు ఎంత ముద్దొచ్చినా ఏరుకోకండి, తేవడం చట్టరీత్యా నేరం. నేను తెచ్చుకున్నది పోపుగింజల పొట్లం మాత్రమే. మెంతులు, ఆవాలు, జీలకర్ర, సోంపు, నల్లజీలకర్ర సమానంగా కలిపి ఉంచుకుంటే సరి. బదులుగా ఆవిడకు మా ఆవకాయ సీసా ఇచ్చొచ్చాను.

ఇంటికొచ్చాక మొదటి ఆదివారం, అలవాటుగా లేవబోతుంటే, "పడుకో" అన్నారు మావారు. అరగంట తర్వాత ఉప్మా పళ్లెంతో వచ్చారు. ఉండలు కట్టింది, ఉప్పు మర్చిపోయారు. నేను మంచం మీద కూర్చుని మొత్తం తిన్నాను. వంటిల్లు సర్దడానికి గంట పట్టిందనుకోండి, అది వేరే సంగతి!