చూడకుండా సరే అనడం కూడా వేలిముద్రే

అన్నలూ, అక్కలూ, ఈ ఏడాది కంప్యూటర్ కోర్సుల్లో చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పోస్టు కొంచెం పొడుగు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మేము చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాం.

మేము నలుగురం. ఒకటే హాస్టల్, ఒకటే రూము, నలుగురికీ కలిపి ఒకటే పాత లాప్‌టాప్. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. పోయిన సెలవుల్లో ఊళ్లకి వెళ్లినప్పుడు పెద్దోళ్ల దగ్గర కూర్చుని కోయ మాటలు రాసుకొచ్చాం. చెట్ల పేర్లు, చేపల పేర్లు, విత్తనాల పేర్లు, వానల పేర్లు. ఆరు వందల పైనే అయ్యాయి. అందులో సగం మాకే తెలియవు. వాటికి తెలుగు అర్థాలు పెట్టి చిన్న యాప్ చేద్దామనుకుని కోడ్ అంతా గిట్‌హబ్‌లో పెట్టాం.

తెలియనోళ్ల కోసం ఒక్క ముక్క. నలుగురు కలిసి ఒకే కోడ్ రాసేటప్పుడు ఎవరి మార్పులు వాళ్లు విడిగా ఒక బ్రాంచ్‌లో చేసుకుంటారు. అయిపోయాక "ఇది చూడండి, బాగుంటే మెయిన్‌లో కలపండి" అని అడుగుతారు. దాన్నే పుల్ రిక్వెస్ట్ అంటారు, పొట్టిగా పీఆర్. మిగతావాళ్లు చదివి ఒప్పుకోవచ్చు, లేదా ఫలానాది మార్చమని తిప్పి పంపొచ్చు. అది రివ్యూ.

మేము రివ్యూ ఎలా చేసేవాళ్లమో చెప్తాం, నవ్వకండి. ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చేది. మెస్‌లో ఒక చేత్తో పళ్లెం, ఇంకో చేత్తో ఫోన్. తెరవడం, అప్రూవ్ నొక్కడం, మూయడం. మనోడే కదా, మనోడి పనిలో తప్పు వెతికితే ఏం బాగుంటుంది అనుకునేవాళ్లం.

ఒకరోజు మాలో ఒకడు "చిన్న మార్పు" అని పేరు పెట్టి పీఆర్ పంపాడు. ముగ్గురం ఒక నిమిషంలో అప్రూవ్ కొట్టేశాం. పది రోజుల తర్వాత పండక్కి ఊరెళ్లి, మాటలు చెప్పిన నానమ్మకి చూపిద్దామని యాప్ తెరిచాం. మాటలు ఉండాల్సిన చోట అన్నీ ప్రశ్న గుర్తులు. పై నుంచి కింద దాకా అవే. వాడు మాటల ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి, రెండు స్పెల్లింగులు దిద్ది, మామూలు సీఎస్వీగా సేవ్ చేశాడు. యూటీఎఫ్-8 అని ఉన్న సీఎస్వీ ఎంచుకోకపోతే తెలుగు అక్షరాలన్నీ అలా ప్రశ్న గుర్తులైపోతాయని మాకు అప్పుడే తెలిసింది.

నానమ్మకి చదువు రాదు. అయినా అన్నీ ఒకేలా ఉన్నాయని కనిపెట్టింది. "నా మాటలేవిరా ఇందులో?" అంది. పొరపాటైంది, ముగ్గురం సరే అన్నాకే కలిపాం అని వాడు చెప్పాడు. "చూడకుండా ఎట్లా సరే అన్నారు?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి ఆ ఇంట్లోనే వాడి తాత సంగతి విన్నాం. అప్పు కాగితం అని చెప్తే వేలిముద్ర వేశాడంట. అది పొలం కాగితమని తర్వాత తెలిసిందంట. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారడం చెల్లదని 1/70 చట్టం చెప్తుంది. అది మనందరికీ తెలిసిందే. కానీ కాగితంలో ఏముందో చదవలేని మనిషికి చట్టం ఉన్నట్టు ఎవరు చెప్తారు? తాతకి చదువు రాక వేలిముద్ర వేశాడు. మేము చదువు వచ్చి వేశాం. తిరుగు బస్సులో నలుగురం ఇదే మాట్లాడుకున్నాం.

మాటలు పోలేదులెండి. గిట్‌లో పాతది అలాగే ఉంటుంది. రివర్ట్ చేస్తే వెనక్కి వచ్చాయి. కానీ ఆ రోజు నుంచి పద్ధతి మార్చుకున్నాం. మా సీనియర్ అక్క ఒకరు గిట్‌హబ్ వాళ్లదే జీహెచ్ అనే కమాండ్ లైన్ పనిముట్టు చూపించింది. మా లాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిస్తే ఫ్యాన్ మోగుతుంది, పేజీ తిరుగుతూనే ఉంటుంది. టెర్మినల్‌కి అంత నెట్ అక్కర్లేదు.

ఇప్పుడు పొద్దున టిఫిన్‌కి ముందు ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో "జీహెచ్ పీఆర్ స్టేటస్" కొడతాం. మూడు భాగాలు చూపిస్తుంది. ఇప్పుడున్న బ్రాంచ్‌కి సంబంధించినది, మనం పంపినవి, మన రివ్యూ కోసం ఆగినవి. ఆ మూడోది చూసి పని పంచుకుంటాం.

తర్వాత "జీహెచ్ పీఆర్ డిఫ్", పక్కన పీఆర్ నంబరు. తీసేసిన లైన్లు ఎర్రగా, చేర్చినవి పచ్చగా వస్తాయి. ఆ రోజు ఇదొక్కటి చూసి ఉంటే చాలు, ఆరు వందల లైన్లు ఎర్రగా కనిపించేవి. చిన్న మార్పుకి అంత ఎరుపు ఎందుకని అడిగేవాళ్లం. ఒక సంగతి, డిఫ్ పొడుగ్గా ఉంటే స్క్రీన్ అక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది. భయపడకండి, క్యూ అక్షరం నొక్కితే బయటికి వస్తారు. మేము మొదటిసారి లాప్‌టాప్ ఆఫ్ చేసేశాం.

చూడటంతో ఆపం. "జీహెచ్ పీఆర్ చెకౌట్", నంబరు కొడితే వాళ్ల బ్రాంచ్ మన మెషీన్‌లోకి వస్తుంది. యాప్ నడిపి కళ్లతో చూస్తాం. అప్పుడు "జీహెచ్ పీఆర్ రివ్యూ". దానికి మూడు దారులు, ఒప్పుకోవడం, మార్చమనడం, ఊరికే మాట చెప్పడం. ఏ ఫైల్, ఎన్నో లైను, ఏం మారాలి అని రాస్తాం. తెలుగులోనే రాస్తాం. టెర్మినల్లో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపిస్తాయి గానీ, పంపాక గిట్‌హబ్‌లో బాగానే వస్తుంది. ఇంగ్లీష్ రాదని నోరు మూసుకోవడం కన్నా ఇది నయం.

ఒకే లాప్‌టాప్ వాడేవాళ్లకి ఇంకో మాట. "జీహెచ్ ఆథ్ స్విచ్" తో అకౌంట్ మార్చుకోవచ్చు. కానీ కమిట్ మీద పేరు దానంతట అది మారదు. గిట్ కాన్ఫిగ్‌లో విడిగా మార్చుకోవాలి. లేకపోతే ఒకరి పని ఇంకొకరి పేరు మీద పడుతుంది. మాకు పడింది, గొడవ కూడా అయింది.

అసలు కష్టం కమాండ్లలో లేదు. మొదటిసారి అక్క మా పీఆర్ తిప్పి పంపినప్పుడు, ఏడు తప్పులు రాసింది. మాలో ఒకడు రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. స్కూలు నుంచీ మనల్ని "కోటా వాళ్లు" అన్న మాటలు వింటూనే ఉన్నాం కదా. తప్పు చూపిస్తే ఆ మాటే మళ్లీ వినపడుతుంది. అక్క దగ్గరికి వెళ్లి, మేం పనికిరామా అని అడిగాం. ఆమె నవ్వలేదు. గిట్‌ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ పని కోసమే రాశాడని, ఆ కెర్నల్‌కి ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల ప్యాచ్‌లు కూడా తిరిగొస్తాయని, వాళ్లు రెండో వెర్షన్, మూడో వెర్షన్ అని రాసి మళ్లీ పంపుతారని చెప్పింది. "పనికిరాని దాన్ని ఎవరూ ఏడు తప్పులు వెతికేంత శ్రద్ధగా చదవరు" అంది. ఆ మాట మా రూము గోడ మీద రాసుకున్నాం.

ఇప్పుడు మాలో ఒక్కరైనా చదివి ఒప్పుకోకుండా ఏదీ మెయిన్‌లోకి వెళ్లకుండా సెట్టింగ్ పెట్టుకున్నాం. మన పీఆర్‌ని మనమే అప్రూవ్ చేసుకోవడం గిట్‌హబ్‌లో ఎలాగూ కుదరదు. అందుకే ఇంకొకరు కావాలి. కోపాలు ఇంకా వస్తాయి. మొన్న కూడా ఒక చేప పేరు దీర్ఘం గురించి రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నాం. పొద్దున ఫోన్ చేసి నానమ్మని అడిగాం. ఇద్దరిదీ తప్పే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కోడ్ ఒక్కటే కాదు. స్కాలర్‌షిప్ ఫారం గానీ, గ్రామసభ తీర్మానం గానీ, బ్యాంకు కాగితం గానీ, మన సరే అడిగిన ప్రతిదీ ముందు చదవండి. అర్థం కాకపోతే అడగండి. మనోళ్లు పంపినా చదవండి, మనోళ్లు పంపితే ఇంకా శ్రద్ధగా చదవండి.

ఈ పోస్టుకి కూడా ఊరికే లైక్ కొట్టి వెళ్లకండి. తప్పులుంటే రాయండి. రెండో వెర్షన్ పెడతాం. జోహార్.