అత్తయ్య చూసిన విమానం

చాందాలో స్థిరపడిన మనవంటి వారికి సముద్రం సంగతి చెప్పబోవడం కొంచెం సాహసమే. మనకు తెలిసిన నీళ్ళు ఇరయీ, ఝర్పట్ నదులవి. మనకు తెలిసిన మోత బొగ్గు గనుల్లో బ్లాస్టింగు మోత. ఆ మోత వినబడ్డప్పుడల్లా మా మేనత్త చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చి ఆకాశం వంక చూసేది. పెళ్ళయి ఈ ఊరు వచ్చి అరవై ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు. "గని మోతే అత్తయ్యా" అంటే "నాకు తెలియదటరా" అనేది. అయినా చూసేది.

ఆవిడ పుట్టిల్లు విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేసిన నాటికి ఆవిడకు ఏడేళ్ళు. పొయ్యి మీద కూర అలాగే వదిలేసి, దొరికిన బండి కట్టుకొని, ఇంటిల్లిపాదీ విజయనగరం దాటి లోపలి పల్లెకు పోయిన కథ మాకు కంఠతా వచ్చు. కథ చివర ఎప్పుడూ ఒకే మాట: "వాళ్ళవి అంత తీరిగ్గా తిరిగాయి. మనవైపు నుంచి ఒక్కటీ లేవలేదురా!" చిన్నపిల్ల కంటికి అలా కనబడి ఉంటుందిలే అని మేము నవ్వి ఊరుకొనేవాళ్ళం.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. మొన్న శీతకాలంలో బల్హార్షాలో రైలెక్కి, కాజీపేట, విజయవాడల మీదుగా విశాఖ చేరాము. మరునాడు పొద్దున్నే సముద్రపు ఒడ్డు రోడ్డు పట్టుకొని విశాఖ మ్యూజియంకు వెళ్ళాము. అది పాత డచ్చివారి బంగళా. లోపల రాజుల ఆయుధాలు, పటాలు, పాత సామాను చాలా ఉన్నాయి గాని, మేము వెళ్ళింది ఒక్క వస్తువు కోసం. ఆనాడు జపానువారు వేయగా పేలకుండా మిగిలిపోయిన బాంబు అక్కడ ఉంచారు. ఉత్త ఇనుప ముద్ద. పిల్లలు దాని పక్క నుంచి పరుగెత్తుకొని పోతున్నారు. మేము మాత్రం చాలాసేపు కదలలేకపోయాము. అత్తయ్య కథకు బరువు ఉందని అప్పుడు తెలిసింది.

బయలుదేరే ముందే ఆ విమానం గురించి కొంత చదువుకొన్నాము. అది నకజిమా కంపెనీవారి బి5ఎన్. 1937లో మొదటిసారి ఎగిరింది. ముగ్గురు మనుషులు కూర్చొనే ఒంటి ఇంజను విమానం. ఓడ మీద నుంచి లేచి, నీటికి దగ్గరగా దిగి, సుమారు 800 కిలోల టార్పీడోను శత్రువు ఓడ మీదకు వదలడం దాని పని. టార్పీడోకు బదులు బాంబులూ మోయగలదు. 1941 డిసెంబరు 7న పెరల్ హార్బరు మీద మొదటి దాడిలో నలభై విమానాలు టార్పీడోలతో వచ్చి అమెరికా పెద్ద నౌకలను ముంచినది ఈ రకమే. నాలుగు నెలలు తిరిగేసరికి మన తూర్పుతీరం ముందు తేలింది. ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచి, ఒకే రోజున విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసింది. ఆ రోజుల్లోనే ర్యూజో వెంట వచ్చిన యుద్ధనౌకలూ, విమానాలూ కలిసి బంగాళాఖాతంలో దాదాపు ఇరవై వర్తకపు ఓడలను ముంచాయి. భయంతో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడా యుద్ధకాలంలో గుంటూరుకు తరలిపోయింది.

విశాఖలో ఆనాడు ఆ విమానాలకు ఎదురు వెళ్ళిన ఫైటరు ఒక్కటీ లేదు. అత్తయ్య మాట అక్షరాలా నిజం. ఇన్నేళ్ళూ నవ్వినందుకు మాకు సిగ్గు వేసింది.

లేచి ఉంటే ఏమయ్యేది? దానికి జవాబు సింహళంలో దొరుకుతుంది. అంతకు ముందురోజే, ఏప్రిల్ 5న, జపానువారి పెద్ద నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. త్రింకోమలీ దగ్గరి చైనా బే నుంచి కొలంబో పక్కనున్న రత్మలానకు ఆరు ఇంగ్లీషు విమానాలు టార్పీడోలతో వస్తున్నాయి. వాటి పేరు స్వోర్డ్‌ఫిష్. రెండంతస్తుల రెక్కలు, గుడ్డ తొడిగిన ఒళ్ళు, గంటకు 220 కిలోమీటర్ల వేగం. అప్పటికే కాలం చెల్లినవి. జపాను జీరో ఫైటర్లకు ఎదురుపడి ఆరూ కూలిపోయాయి.

అయితే ఆ పాత విమానాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. 1940 నవంబరులో ఒక రాత్రి ఇటలీ టరాంటో రేవులో ఇరవై ఒక్క స్వోర్డ్‌ఫిష్‌లు మూడు మహానౌకలను దెబ్బతీశాయి. పోయినవి రెండే. 1941 మేలో జర్మనీవారి బిస్మార్క్ నౌక చుక్కానిని విరగ్గొట్టి దాని చావుకు కారణమైనదీ ఇదే. అదే విమానం 1942 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఛానెల్‌లో పట్టపగలు జర్మను ఫైటర్ల మధ్యకు ఆరు వెళితే ఆరూ పోయాయి. పద్ధెనిమిది మందిలో పదమూడు మంది చనిపోయారు.

జపాను విమానం కథా అంతే. మన ఊళ్ళ మీద అడ్డులేకుండా తిరిగిన ఆ రకం, రెండు నెలలకే మిడ్వే దగ్గర అమెరికా నౌక యార్క్‌టౌను మీదకు పది వెళ్ళి, టార్పీడోలు తగిలించాయి గాని, తిరిగి వచ్చినవి ఐదు. ర్యూజో కూడా ఆ ఆగస్టు 24న మునిగిపోయింది. 1944 నాటికి బి5ఎన్ కూడా పాతదై, జలాంతర్గాములను వెదకడానికీ, కుర్రవాళ్ళకు శిక్షణ ఇవ్వడానికీ మిగిలింది. యంత్రం కొత్తదా పాతదా అనేది దాని వయస్సును బట్టి కాదు, ఎదుట ఎవరున్నారనే దానిని బట్టి తేలుతుంది. ఎదుట ఎవరూ లేనప్పుడు ఏ విమానమైనా యముడే. ఎదుట ఫైటరు ఉన్నప్పుడు లోపల కూర్చున్న ముగ్గురి తల్లులకూ శోకమే.

మ్యూజియం నుంచి బయటకు వచ్చి అదే రోడ్డు మీద ఇంకొంత దూరం నడిచాము. ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉన్నది. దానికి ఎదురుగా మన నౌకాదళంలో 29 ఏళ్ళు సేవచేసి 2017లో విశ్రాంతి తీసుకొన్న టీయూ-142 విమానం నిలబడి ఉన్నది. అదీ టార్పీడోలు మోసినదే. దాని రెక్క నీడలో నిలబడి సముద్రం వంక చూశాము. ఇవాళ విశాఖ మన తూర్పు నౌకాదళానికి ముఖ్యస్థానం. ఆ సంగతి అత్తయ్యకు తెలియక కాదు. తెలిసినా, గని మోత వినబడితే ఆవిడ ఏడేళ్ళ పిల్ల అయిపోయేది.

చాందాకు తిరిగి వచ్చిన మరునాడు మధ్యాహ్నం గనిలో మోత మోగింది. అత్తయ్య నిలబడే చోటనే నిలబడి పైకి చూశాము. ఎండ తప్ప ఏమీ లేదు.

మన కుటుంబాలలో ఆ ఏప్రిల్ నెలను చూసిన పెద్దలు ఇంకా ఉండవచ్చు. వారు చెప్పిన కథే మళ్ళీ చెబుతుంటే, నవ్వి లేచిపోకుండా చివరిదాకా వినండి. మేము వినవలసినంతగా వినలేదు.