బూడిద బొట్టు... తార్నాకా బాట

ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కినప్పుడల్లా నాకు ఒక బుధవారం గుర్తొస్తుంది. ఉస్మానియాలో ఎమ్మే మొదటి సంవత్సరం. పొద్దున్నే గుడికెళ్లి, నుదుటి మీద బూడిదతో నేరుగా క్లాసుకొచ్చాను. ‘ఏందిరా, మీకు గూడ విభూతి ఉంటదా?’ అన్నాడు హాస్టల్ మిత్రుడు. ‘విభూది బుధవారం’ అన్నాను గర్వంగా. ‘ఎందుకు పెట్టుకుంటరు?’ అన్నాడు. నోరు పెగల్లేదు.

మాది గుంటూరు జిల్లా కథోలిక కుటుంబం. జపమాల, సిలువ మార్గం, పాపసంకీర్తనం... అన్నీ మాటలతో పాటే వచ్చేశాయి. పూజలో గంట మోగితే తల వంచడమే. ఎందుకని అడిగితే, ‘పెద్దలు పెట్టిన పద్ధతి, ఏదో పరమార్థం ఉంటుందిలే’ అనేది అమ్మ.

అర్థం తెలియని దండం అబద్ధమనిపించి ఆ ఏడు గుడికి వెళ్లడం మానేశాను. సెలవులకు ఇంటికెళ్తే, ఆదివారం పొద్దున అమ్మ తయారై గుమ్మంలో కాసేపు నిలబడేది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకపోతే ఒక్కతే వెళ్లిపోయేది.

వెతగ్గా తెలిసిన సంగతులు చిత్రంగా ఉన్నాయి. ఒకప్పుడు గురువు జనానికి వీపు పెట్టి, లాటిన్‌లో లోగొంతుతో పూజ చేసేవారు. ముఖ్యమైన ఘట్టం వచ్చిందని వెనకున్న వాళ్లకు తెలియాలిగా? అందుకే గంట! ద్రాక్షారసంలో నీటిచుక్క కూడా అంతే. ఆ కాలంలో ద్రాక్షారసాన్ని నీళ్లు కలుపుకునే తాగేవారు. దైవంలో మనిషి కలవడమన్న భావం దానికి తర్వాత తోడైంది. రహస్యాలేవో దాచారనుకున్న చోట నాకు కనిపించినవి రోజువారీ అవసరాలు!

నా వెతుకులాటకు ఆర్ట్స్ కాలేజీయే ఇంకో దారి చూపింది. 1939లో ప్రారంభమైన ఈ భవనంలో గుడి స్తంభాల పోలికలూ, ఇస్లామిక్ తోరణాలూ కలిసే ఉంటాయి. 1918లో పుట్టిన విశ్వవిద్యాలయం పై చదువులను ఇంగ్లిష్‌లో కాక ఉర్దూలో చెప్పింది. మన భాషలో పూజ వినే వీలు కథోలికులకు 1962-65 నాటి రెండో వాటికన్ మహాసభతోనే దొరికింది. 1969లో భారతదేశం కోసం 12 మార్పులకు రోమ్ ఒప్పుకుంది. చేతులు జోడించడం, హారతి, నేలమీద కూర్చోవడం అలా పూజలోకి వచ్చినవే. అంటే, అమ్మ చిన్నప్పుడు విన్నది ఒక్క ముక్క అర్థంకాని లాటిన్ పూజ. పరమార్థం సంగతి ఆమె మాత్రం ఎవర్ని అడుగుతుంది?

క్యాంపస్ చెట్ల నీడన నడిచి రోడ్డు మీదకొస్తే తార్నాకా. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ఇక్కడ తీగల కంచె, తనిఖీ గేటు ఉండేవని చెబుతారు. ఇప్పుడు కంచె లేదు, కాపలా లేదు. బస్సులో కండక్టరుకీ, మెట్రోలో మైకుకీ ఆ పేరే కావాలి. అర్థం తెలియనంత మాత్రాన ఎవరూ దారి తప్పడం లేదు.

ఈ మధ్య ఒక విభూది బుధవారం మా అమ్మాయితో తార్నాకా స్టేషన్లో దిగాను. ‘నాన్నా, ఈ బూడిద ఎక్కడిది?’ అంది. ఈసారి జవాబుంది. నిరుడు మట్టల ఆదివారం నాడు జేజేలు కొడుతూ ఊపిన కొమ్మల్నే కాల్చి ఈ బూడిద చేస్తారు. ఎంత పచ్చని సంబరమైనా చివరికి ఇంతేనని గుర్తు చేయడానికి.

‘మరి నానమ్మకు తెలుసా ఇది?’

తెలియదనబోయి ఆగిపోయాను. మా ఇంట్లో మరియమాత పటం వెనక ఏడాదంతా ఒక ఎండుమట్ట ఉండేది. తపస్సు కాలం రాగానే అమ్మ దాన్ని తీసి, దుమ్ము తుడిచి, కొంగులో చుట్టి గుడిలో ఇచ్చి వచ్చేది. ఏటా చూశాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.

‘తెలుసమ్మా... నాకే తెలియదు’ అన్నాను.