నాలుగున్నరకు మోగే ఫోను

హైదరాబాదులోని మాదన్నపేటలో బతుకంతా గడిపి, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక వృద్ధాశ్రమానికి చేరిన పెద్దలకు నిద్ర పట్టడం లేదని తెలిసినప్పుడు, వయసు పైబడితే అంతేనని ప్రవాసులు సరిపెట్టుకోవడం పొరపాటు. 65 దాటినవారికీ రాత్రికి 7 నుంచి 8 గంటల నిద్ర కావలసిందే. అయితే వెలుగుచీకట్లను బట్టి నిద్రనూ మెలకువనూ నడిపే జీవగడియారం వయసుతో ముందుకు జరుగుతుంది కనుక, పెందలాడే కళ్లు మూతపడి, తెల్లవారక ముందే మెలకువ వస్తుంది. గాఢనిద్ర కూడా పలచబడుతుంది, మూత్రానికి లేవడం దానికి తోడవుతుంది.

ఇంటిపట్టున ఉన్న రోజుల్లో ఆ మెలకువకు ఒక పని ఉండేది. ఫజర్ అజాన్ వినపడే వేళకు లేచి, వాకిట నీళ్లు చల్లి, సంచి పట్టుకుని కూరగాయల మార్కెట్‌కు నడిచి, ఎండెక్కేదాకా బేరాలాడి వచ్చిన మనిషికి రాత్రి నిద్ర దానంతటదే పట్టేది. ఆశ్రమంలో ఆ నడక లేదు, ఆ ఎండా లేదు. పగలంతా ట్యూబులైటు కింద కుర్చీలో కునికిపాట్లు, పొద్దుగూకగానే భోజనం, ఎనిమిదింటికల్లా దీపాలార్పడం, పక్క మంచం మీది దగ్గు, అప్పటికీ నిద్ర రాకపోతే ఒక మాత్ర. ఆల్ప్రజోలం వంటి నిద్రమాత్రలు పెద్దవయసులో తూలిపడే ప్రమాదాన్ని, తికమకను పెంచుతాయని వైద్యులకు తెలియనిది కాదు. చివర రావలసిన మాత్ర ముందుగా రావడమే బాధాకరం.

మాత్రకు ముందు చూడవలసింది పగటి వెలుగును. నెదర్లాండ్స్‌లోని 12 సంరక్షణ గృహాల్లో 189 మంది వృద్ధులపై జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో, పగటిపూట హాలులోని వెలుగును సుమారు 1000 లక్సులకు, అంటే మామూలు గదుల్లో ఉండేదానికి కొన్ని రెట్లు, పెంచినప్పుడు దిగులు, మతి క్షీణత కొంత తగ్గాయి. చీకటి పడ్డాక మెదడులో ఊరే నిద్ర హార్మోను మెలటోనిన్‌ను మాత్రగా ఇస్తే నిద్ర సగటున 27 నిమిషాలు పెరిగింది గానీ, వెలుగు తోడు లేనిచోట మనసు మరింత ముడుచుకుపోయింది. హైదరాబాదులో పగటివేళ ఆరుబయట, నీడలో సైతం, వేల లక్సుల వెలుగుంటుంది. వరండాలోకి కుర్చీ జరపడానికి ఖర్చేమీ లేదు.

ప్రవాసుల చేతిలో ఉన్నది మరొకటి. వేసవిలో న్యూజెర్సీ నుంచి పని ముగించుకుని రాత్రి ఏడింటికి చేసే ఫోను హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగున్నరకు మోగుతుంది. దాని కోసం ఫోనును దిండు కింద పెట్టుకుని, మూడింటి నుంచీ చీకట్లో తెర వెలిగించి టైము చూసుకునే తల్లి, నిద్ర చెడిందన్న మాట ఎన్నడూ పైకి అనదు. అదే ఫోను రాత్రి పదింటికి చేస్తే అక్కడ ఉదయం ఏడున్నర, వరండాలో ఎండ పడే వేళ.