జల్లెడలో చిక్కిన ఉత్తరం

ఈ టపా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఏదో ఒక మిషతో వాయిదా పడుతూ వచ్చింది. చెప్పదలచుకున్నదీ ఆలస్యాన్ని గురించే కనుక, ఈ జాప్యమూ సందర్భోచితమేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

2006లో నేను హైదరాబాదులోని ఒక చిన్న సంస్థలో కంప్యూటర్ల ఆలనాపాలనా చూసేవాడిని. నూరుమందికి పైగా ఉద్యోగులు. వారి ఈమెయిళ్ళన్నీ ఒక మూలగదిలోని సర్వరు మీదుగా రావలసిందే. ఈమెయిలును మనలో కొందరం ముచ్చటపడి ‘వేగు’ అని పిలుచుకున్న రోజులవి. ఆ వేగులకు నేను ద్వారపాలకుడిని. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గుమ్మంలోనే ఆపాలో తేల్చే అధికారం నాదేనన్న చిన్నపాటి గర్వం కూడా ఉండేది.

అంతకుముందు స్పామును ఏరివేయడం కొంత సులువుగానే ఉండేది. 2002లో పాల్ గ్రాహం ‘ఎ ప్లాన్ ఫర్ స్పామ్’ అనే వ్యాసం రాసిన తరువాత, ఉత్తరంలోని మాటల సంభావ్యతను లెక్కగట్టి మంచినీ చెత్తనూ వేరుచేసే పద్ధతి బాగా వ్యాపించింది. మాటలు ఉన్నంతకాలం ఆ జల్లెడ చక్కగా పనిచేసింది. 2006 వచ్చేసరికి స్పాము పంపేవారు మాటలనే మాయం చేశారు. చెప్పవలసినదంతా ఒక బొమ్మలో రాసి, ఆ బొమ్మను ఉత్తరంలో అతికించి పంపసాగారు. బొమ్మ కింద ఏదో నవలలోంచి కత్తిరించిన నాలుగు వాక్యాలు ఉండేవి. అవి మనం చదవడానికి కాదు, జల్లెడ కళ్ళు కప్పడానికి.

వాటిలో ఎక్కువ భాగం వాటాల ప్రచారమే. ఎవరూ పేరు వినని అమెరికా కంపెనీ వాటాలను ముందుగా చవకగా కొనిపెట్టుకోవడం, వాటి ధర రేపోమాపో ఆకాశాన్నంటుతుందని ఊరంతా చాటింపు వేయడం, ఆశపడినవారు ఎగబడి కొనగానే తమవి అమ్ముకుని తప్పుకోవడం. ఈ మోసానికి లంకె కూడా అక్కరలేదు. కంపెనీ గుర్తుగా వాడే నాలుగైదు అక్షరాలు చాలు. లంకె లేనప్పుడు, దొంగ లంకెలను పట్టే జాబితాలు ఏం చేయగలవు? ఈ బెడద ఎంతవరకు వెళ్ళిందంటే, 2007 మార్చిలో అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఇలా స్పాములో ఊదరగొట్టిన 35 కంపెనీల వాటాల క్రయవిక్రయాలను తాత్కాలికంగా నిలిపివేసింది.

ఒక బొమ్మను గుర్తుపెట్టుకుని దానినే ఆపుదామంటే అదీ కుదరలేదు. ప్రతి ప్రతిలోనూ నాలుగు చుక్కలు అటూ ఇటూ మార్చేవారు. అక్షరాలను వంకరలు తిప్పేవారు, వెనుక రంగురంగుల గీతలు గీసేవారు. ఒకే బొమ్మను ముక్కలుగా కోసి, ఉత్తరం విప్పినప్పుడు మాత్రమే అతుక్కునేలా పేర్చేవారు. మనిషి చదవగలిగి, యంత్రం చదవలేని అక్షరాలను కాప్చా పేరుతో దొంగలను ఆపడానికే కదా కనిపెట్టుకున్నాము! ఆ విద్యనే వారు తిప్పి మనమీద ప్రయోగించారు.

నేనూ ఊరుకోలేదు. స్పామ్‌అసాసిన్‌కు తోడుగా ఫజీఓసీఆర్ అనే పనిముట్టును తెచ్చి బిగించాను. అది బొమ్మలోని అక్షరాలను చదవడానికి ప్రయత్నించి, అనుమానపు మాటలు కనిపిస్తే మార్కులు వేస్తుంది. మాటలు తక్కువగా ఉండి బొమ్మ మాత్రమే ఉంటే మరికొన్ని మార్కులు. అన్నీ కలిసి హద్దు దాటితే ఉత్తరం స్పాము పెట్టెలో పడుతుంది. పదిహేను రోజులకొకసారి ఆ పెట్టె తనంతట తానే ఖాళీ అయ్యేలా ఏర్పాటు చేశాను. బొమ్మలు చదవలేక సర్వరు ఆయాసపడేది కానీ, ఉద్యోగుల ఫిర్యాదులు సగానికి సగం తగ్గాయి.

మిగిలిన సగం కోసం గ్రేలిస్టింగును ఆశ్రయించాను. 2003లో ఇవాన్ హారిస్ ప్రతిపాదించిన ఉపాయమిది. ఉత్తరం తెచ్చిన సర్వరు ఐపీ చిరునామా, పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, ఈ మూడింటి కలయిక మనకు కొత్తదైతే, ‘ఇప్పుడు వీలుపడదు, కాసేపాగి రండి’ అని 451 అనే సంకేతంతో తిప్పిపంపుతాము. ఉత్తరం విప్పనే విప్పము. కవరు మీది పేర్లు చూసి చెప్పే మాట అది. పద్ధతిగా నడిచే సర్వరు ఉత్తరాన్ని తన దగ్గరే వరుసలో ఉంచుకుని మళ్ళీ వస్తుంది. పరుల కంప్యూటర్లలో దూరి ఉత్తరాలు వెదజల్లే దొంగ ప్రోగ్రాములలో చాలావాటికి అంత ఓపిక ఉండేది కాదు. ఓపిక పట్టి వచ్చినా, ఈలోగా ఆ దొంగ చిరునామా నల్లజాబితాలకు ఎక్కి ఉండే అవకాశముంది. ఒకప్పుడు మన ఊళ్ళలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు చూడండి, సరిగ్గా అదే యుక్తి. దయ్యం వెళ్ళిపోతుంది, చుట్టం మళ్ళీ వస్తాడు.

అయితే చుట్టం ఎప్పుడు వస్తాడన్నది మన చేతిలో లేదు. నేను అయిదు నిమిషాలే గడువు పెట్టినా, మళ్ళీ ఎప్పుడు రావాలో నిర్ణయించేది పంపే సర్వరు. అప్పటి ప్రమాణమైన ఆరెఫ్సీ 2821, ప్రయత్నానికీ ప్రయత్నానికీ నడుమ కనీసం 30 నిమిషాలు ఉండాలనీ, నాలుగైదు రోజులైనా పట్టు వదలకూడదనీ సూచించింది. ఒక మధ్యాహ్నం మా సంస్థవారు నాలుగు గంటలలోగా ఒక టెండరు దాఖలు చేయవలసి ఉంది. కొత్తగా కుదిరిన నక్షాలవారు ‘మూడింటికే పంపించాము, చూసుకోండి’ అని ఫోనులో చెబుతున్నారు. ఇక్కడ ఏమీ లేదు. నక్షా నాలుగూ ఇరవైకి చేరింది. మేనేజరుగారు నన్ను పిలిచి కూర్చోబెట్టి, ‘ఆలస్యం అమృతం విషం అన్నారు కదయ్యా’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. ‘నిదానమే ప్రధానం అని కూడా అన్నారండీ’ అనబోయి మింగేశాను. ఆ సాయంత్రమే గ్రేలిస్టింగును తీసేశాను. జల్లెడను మాత్రం మరింత బిగించాను.

నా అసలు తప్పు అదేనని తెలియడానికి రెండు నెలలు పట్టింది.

మా పెదనాన్నగారు తెనాలిలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయనకు కంప్యూటరులో తెలుగు రాయడం తెలియదు. యూనికోడూ, లేఖినీ మనబోటి కొద్దిమందికే పరిచయమైన కాలం. అందుకని కాగితం మీద తన ముత్యాలకోవలాంటి చేతిరాతతో ఉత్తరం రాసి, వీధి చివరి నెట్ సెంటరుకు పట్టుకెళ్ళేవారు. అక్కడి కుర్రాడు దానిని స్కాను చేసి, విషయమనే గడి ఖాళీగా వదిలేసి, నేనిచ్చిన ఆఫీసు చిరునామాకు పంపేవాడు. ఒక బొమ్మ, ఒక్క మాటైనా లేని ఉత్తరం, ముక్కూమొహం తెలియని చిరునామా. నా జల్లెడకు ఇంతకంటే పెద్ద దొంగ ఎక్కడ దొరుకుతాడు?

ఒకనాడు ఆయనే ఫోను చేశారు. ‘ఏరా అబ్బాయీ, ఉత్తరం రాస్తే పలుకవేం? నా దస్తూరీ మరచిపోయావా?’ అన్నారు. కాళ్ళు చల్లబడ్డాయి. స్పాము పెట్టె అంతకు ముందే ఖాళీ అయిపోయింది. లాగు మాత్రం మిగిలింది. అందులో నా పనిముట్టు ఆ ఉత్తరాన్ని ఎలా చదివిందో వివరంగా ఉంది. దానికి రోమను లిపి తప్ప మరొకటి తెలియదు. మన గుండ్రని అక్షరాలను చూసి వరసగా ఓలు, సున్నాలు, ఎనిమిదులు అనుకుంది. అర్థంలేని ఆ గొలుసుకు మార్కులు వేసి చెత్తలో పారేసింది.

మళ్ళీ రాయమని బతిమాలాను. ‘ఏముందిరా, ఆ పూట అనిపించింది రాశాను. అనిపించినదే మళ్ళీ అనిపిస్తుందా?’ అని నవ్వేశారు. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది.

ఆ రాత్రి ఆలోచిస్తే ఒక సంగతి స్పష్టమైంది. గ్రేలిస్టింగులో ఆలస్యమైన నక్షా, ఆ గంటాఇరవై నిమిషాలూ పంపినవారి సర్వరులోనే భద్రంగా ఉంది. చివరికి చేరకపోతే వారికి ఆ కబురు అంది ఉండేది. మన సర్వరు ‘అందింది’ అన్న క్షణం నుండి ఉత్తరం బాధ్యత మనది. పెదనాన్నగారి ఉత్తరానికి నా సర్వరు ‘అందింది’ అని మాట ఇచ్చి, ఆ తరువాత చప్పుడు లేకుండా పారేసింది. ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఆలస్యం అందరికీ కనబడుతుంది, అందరిచేతా తిట్లు తింటుంది. అదృశ్యం ఎవరికీ కనబడదు, కనుక దానిమీద ఫిర్యాదూ రాదు. ఫిర్యాదులను బట్టి జల్లెడను సవరించిన నేను, కనబడే తప్పును సరిదిద్ది కనబడని తప్పును పెంచాను.

మరునాడే గ్రేలిస్టింగును తిరిగి పెట్టాను. మావాళ్ళు ఒక్కసారైనా ఉత్తరం రాసిన చిరునామాలకు ఆ నిరీక్షణ లేకుండా చేశాను. టెండరు గడువులున్నప్పుడు ముందుగా చెప్పమని అందరినీ కోరాను. బొమ్మకు వేసే మార్కులు తగ్గించాను. మరీ అనుమానమైన ఉత్తరాలను లోపలికి తీసుకుని పారేయడానికి బదులు, కారణం చెప్పి గుమ్మంలోనే తిరస్కరించాను. లోపలికి తీసుకున్నాక తిప్పిపంపితే, దొంగ వాడుకున్న ఎవరిదో చిరునామాకు అది వెళ్ళి ఒక అమాయకుడిని వేధిస్తుంది. గుమ్మంలోనే కాదంటే, నిజంగా పంపినవారికే సంగతి తెలుస్తుంది. దీనివల్ల కొంత చెత్త పెరిగింది. రోజుకు నాలుగు వాటాల బొమ్మలు చూడవలసి వచ్చిన మేనేజరుగారు ముఖం చిట్లించారు. ఈసారి మింగేయకుండా కారణం చెప్పాను.

ఆ పోరు ఇప్పుడు రూపు మార్చుకుంది. పెద్ద సంస్థలు ఒకే ఉత్తరాన్ని ఒక్కోసారి ఒక్కో ఐపీ చిరునామా నుండి పంపుతాయి కనుక, గుడ్డిగా పెట్టిన గ్రేలిస్టింగు వాటిని పదేపదే కొత్తవారనుకుంటుంది. పది నిమిషాలలో గడువు తీరే ఓటీపీకి అరగంట నిరీక్షణ అంటే విషమే. బొమ్మల ఎత్తు మాత్రం చావలేదు. లంకెను క్యూఆర్ కోడు బొమ్మలో దాచి పంపే మోసాలు 2023లో ముమ్మరించాయి. అక్షరాన్ని బొమ్మలో దాచేవాడు దొంగ అన్న నమ్మకానికి మళ్ళీ బలం వచ్చింది.

కానీ మనకు తెలుసు కదా. తమ లిపికి మరో దారి లేక, అక్షరాన్ని బొమ్మగా పంపుకున్నవారం మనం. పత్రికకొక ఖతి, ఖతికొక కీబోర్డు ఉన్న కాలంలో, స్కాను చేసిన కాగితమే తెలుగును చెక్కుచెదరకుండా చేర్చింది. ఆనాటి జల్లెడలకు ఆ సంగతి తెలియదు. తెలిసిన నేనూ చెప్పలేదు.

పెదనాన్నగారు 2011లో పోయారు. ఆ తరువాత రాసిన ఉత్తరాలు పద్దెనిమిది నా దగ్గర భద్రంగా ఉన్నాయి, అన్నీ బొమ్మలే. మొదటిది లేదు. ఇవాళ్టికీ వారానికొకసారి స్పాము పెట్టె తెరచి, చివరిదాకా చూసి గాని ఖాళీ చేయను. వీలైతే మీరూ ఒకసారి తెరచి చూడండి.