అమ్మీ కోసం ఒక చిరాగ్

భైంసాలో కరెంటు పోయిన ఓ ఫజర్ వేళ, వజూకని లేచిన అమ్మీ మెట్టు కనబడక పడింది. మణికట్టు వాచింది. స్విచ్ వెతుక్కోనక్కర్లేని దీపం కావాలనిపించింది.

9 వోల్టుల బ్యాటరీ, బీసీ 547 ట్రాన్సిస్టర్, 470 ఓమ్‌ల రెసిస్టర్‌తో ఎల్‌ఈడీ, లక్ష ఓమ్‌లది మరొకటి, ఒక ఎల్‌డీఆర్. ఈ ఎల్‌డీఆర్ మిజాజే వేరు: రోష్నీలో కరెంటుకు దారిస్తుంది, అంధేరాలో అడ్డుకుంటుంది. దాన్ని బ్యాటరీ ప్లస్‌కూ బేస్‌కూ మధ్య, లక్ష ఓమ్‌లది మైనస్ వైపు పెట్టాను. తౌబా! పట్టపగలు వెలిగి రాత్రి ఆరిపోయింది. వాచిన చేత్తోనే అమ్మీ ఒకటే నవ్వు.

రెండింటి చోట్లూ మార్చాను. ఇప్పుడు చీకటిపడి బేస్ దగ్గర 0.6 వోల్టులు దాటితే వెలుగుతోంది. ఆ వెలుగు ఎల్‌డీఆర్ మీదే పడి రెపరెపలాడితే మధ్యలో అట్టముక్క పెట్టాను.

బ్యాటరీ మాత్రం మూడు రాత్రులకే దిగిపోతోంది. అమ్మీకి ఆ ఫికర్ లేదు, అసర్ కాగానే రోజూ ఎల్‌డీఆర్ మీద అరచెయ్యి పెట్టి వెలుగుతదా లేదా అని చూస్తది.